వీలునామా అనగానే ఉలిక్కిపడకండి!

ఈ వారం పచ్చళ్లూ, పట్టుచీరల మరకలూ కాసేపు పక్కన పెట్టి ఒక బరువైన ముచ్చట చెప్పుకుందాం. శీర్షిక చూడగానే "శుభమా అని పత్రిక తెరిస్తే ఇదేం మాటమ్మా!" అని పేజీ తిప్పేయకండి. పొయ్యిమీద పప్పు ఉడికేలోగా అయిపోతుంది. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే అప్పుడు తిట్టండి.

మా మేనత్తది సిద్దిపేట దగ్గర నారాయణరావుపేట. చిన్న వయసులోనే భర్త పోయాడు. పిల్లల్లేరు. కొన్నాళ్లు అత్తవారింట్లోనే ఉండి, తర్వాత అదే ఊళ్లో వేరే కిరాయి ఇల్లు తీసుకుంది. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టేది. చీకటితో లేచి కూచుంటే మళ్లీ దీపాల వేళకే నడుం ఎత్తేది. అలా చుట్టి చుట్టి, చిట్టీలు కట్టి, నూటయాభై గజాల జాగా కొనుక్కుంది. దానిమీద రెండు గదులు వేసుకుంది. ఆ గోడల్లో ఒక్క ఇటుక కూడా ఇంకొకరి డబ్బుతో పెట్టింది కాదు.

వయసు మీదపడి మోకాళ్లు పట్టేశాక ఆమెను చూసుకున్నది మా చిన్నాన్న కూతురు. పెళ్లై పక్క ఊళ్లోనే ఉండేది. రోజూ వచ్చి నీళ్లు పోసి, అన్నం పెట్టి, మందులు వేసి వెళ్లేది. బతుకమ్మ రోజు అమ్మలక్కలందరి ముందూ మా అత్త ఎన్నిసార్లు అన్నదో! "ఈ ఇల్లు గీ పిల్లదే. నా తర్వాత ఎవ్వలు అడిగినా మీరే సాక్షులు" అని. అందరూ తలూపారు.

ఆమె పోయింది. దినాలైన మర్నాడు ఆమె బావగారి కొడుకులు వచ్చారు. బావగారు అప్పటికే లేరు. ఇల్లు తమకు వస్తుందని అన్నారు. మా వాళ్లు మండిపడ్డారు. "ఆమె కష్టార్జితం మీకెట్ల వస్తది?" అని గొడవ. చివరికి ఇద్దరూ వకీలు దగ్గరికి వెళ్తే ఆయన ఒకటే ప్రశ్న అడిగారు: "వీలునామా ఉన్నదా?" లేదు. "అయితే ఇల్లు వాళ్లదే" అన్నారు.

ఆ పిల్లలు చెడ్డవాళ్లేం కాదండీ. పండక్కి పినతల్లికి చీర పెట్టినవాళ్లే. చట్టం ఇచ్చింది, తీసుకున్నారు. మా చెల్లెలికి మిగిలింది ఒక ఇత్తడి బిందె, అత్త కట్టుకున్న గొల్లభామ చీర. నాకు మిగిలింది ఒక తప్పు చేశానన్న బాధ. ఎందుకంటే కంటి అద్దాలు మార్పించడానికి అత్తను సిద్దిపేట తీసుకెళ్లినప్పుడు ఆటో కోర్టు ముందునుంచే పోయింది. దిగి ఒక గంట కూచుంటే పని అయిపోయేది. పెద్దావిడతో చావు మాట ఎలా ఎత్తడం అని ఊరుకున్నాను. మీరలా ఊరుకోకూడదనే ఈ నాలుగు మాటలు.

చట్టం ఏ దారిన పంచుతుంది?

మనలో చాలామంది "నాకేముందమ్మా వీలునామా రాయడానికి?" అంటారు. ఒక్కసారి బీరువా తెరిచి చూసుకోండి. పుస్తెలతాడు, గుండ్లు, గాజులు, వెండి కడియాలు. బ్యాంకులో పొదుపు. బీడీల పి.ఎఫ్. మీ పేరున ఉన్న జాగా. పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరం. ఇవన్నీ ఆస్తే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షను ప్రకారం మీ స్వాధీనంలో ఉన్న మీ ఆస్తికి మీరే పూర్తి హక్కుదారులు. అమ్ముకోవచ్చు, దానం ఇవ్వచ్చు, ఎవరికి కావాలంటే వారికి వీలునామా రాయవచ్చు. అందుకు భర్త సంతకం అక్కర్లేదు.

రాయకుండా పోతే మాత్రం అదే చట్టంలోని 15వ సెక్షను పంచుతుంది. మొదట కొడుకులు, కూతుళ్లు, భర్త. వాళ్లెవరూ లేకపోతే భర్త తరఫు వారసులు. వాళ్లూ లేకపోతేనే ఆమె తల్లిదండ్రులు. చూశారా వరస! కన్నతల్లికంటే ముందు భర్త అన్నదమ్ముల పిల్లలు వచ్చి నిలబడ్డారు. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తికి మాత్రం ఒక మినహాయింపు ఉంది. పిల్లలు లేకపోతే అది తండ్రి వారసులకు తిరిగి వెళ్తుంది. అయితే ఇది వారసత్వంగా సంక్రమించిన దానికే. పుట్టింటివారు బతికుండగా దానపత్రం రాసిచ్చిన దానికి ఈ మినహాయింపు దొరుకుతుందని ధీమాగా ఉండకండి.

మా అత్తది ఒక్క నారాయణరావుపేట కథే కాదు. 2009లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఒకటుంది. పెళ్లైన మూడు నెలలకే భర్త పాముకాటుతో చనిపోతే, అత్తవారు ఆ అమ్మాయిని వెళ్లగొట్టారు. పుట్టింటివారు చదివించారు. ఉద్యోగం చేసి బాగా కూడబెట్టింది. 1996లో వీలునామా లేకుండా పోయింది. తల్లి అడిగింది, ఆడపడుచు కొడుకులూ అడిగారు. కోర్టు ఏమన్నదో తెలుసా? జాలి చూపి చట్టాన్ని మార్చలేం అంటూ, ఆమె కష్టార్జితమంతా భర్త తరఫువారికే చెందుతుందని తీర్పు చెప్పింది.

పదహారేళ్ల తర్వాత, 2025 నవంబరులో, ఈ 15వ సెక్షను న్యాయమా అన్న ప్రశ్న మళ్లీ సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. న్యాయమూర్తులు బి.వి. నాగరత్న, ఆర్. మహదేవన్ ఆ సెక్షను చెల్లుతుందా లేదా అన్నది అప్పటికి తేల్చలేదు. కానీ దేశంలోని స్త్రీలందరికీ, ముఖ్యంగా హిందూ స్త్రీలకు, వెంటనే వీలునామా రాసుకోండని విజ్ఞప్తి చేశారు. దేశంలోకెల్లా పెద్ద కోర్టే మనకు చెప్పిన మాట ఇది. మరి ఇక ఆలస్యమెందుకు?

ఆయన ఆస్తి సంగతి

ఇక ఇంటాయన ఆస్తి. "ఆయన తర్వాత అంతా నాదేగా" అనుకునేవారు కొల్లలు. అలా కాదు. హిందూ పురుషుడు వీలునామా లేకుండా పోతే ఆయన స్వార్జితం భార్యకు, ప్రతి కొడుక్కి, ప్రతి కూతురికి, బతికుంటే తల్లికి సమానంగా పోతుంది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, అత్తగారు ఉన్న ఇంట్లో మీకు వచ్చేది ఐదో వంతు. మీరు ముప్పై ఏళ్లు ముగ్గు వేసిన వాకిలి కూడా ఐదు వాటాల్లో ఒక వాటాయే.

పిత్రార్జితమైతే లెక్క ఇంకో తీరు. అందులో ఆయన తన వాటాకు మాత్రమే వీలునామా రాయగలరు. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. దేశమంతటా కూతుళ్లందరికీ 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉన్నా లేకపోయినా హక్కు హక్కేనని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి "భూమంతా కొడుకులకే" అని రాసిన వీలునామా పిత్రార్జితంలో కూతురి వాటాను మింగలేదు.

వకీలు చేసే పని ఏమిటి?

ఆ బాధ తీరక ఈమధ్య నేనే సిద్దిపేటలో మాకు తెలిసిన ఒక వకీలమ్మ దగ్గరికి వెళ్లాను, నా వీలునామా రాయించుకోవడానికి. కాగితం తీసి టకటకా రాసేస్తుంది అనుకున్నాను. ఆమె గంటసేపు పెన్ను మూత తీయలేదు. అడుగుతూనే ఉంది.

"అమ్మా, ఏమేం ఉన్నయి? ఏది ఎట్ల వచ్చింది? పుట్టింటి నుంచా, కొన్నదా, ఎవలన్నా ఇచ్చిందా? కాగితాలు ఎవరి పేరున ఉన్నయి? పిల్లలెందరు? ఎవరికన్నా ముందే ఇచ్చేసిన్రా? అప్పులున్నయా? మీకంటే ముందే ఆ తీసుకునే మనిషి పోతే ఎవరికి?"

చివరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అలాంటి ప్రశ్నలు అడగడమే వకీలు పని. వీలునామా సొంతంగా తెల్లకాగితం మీద రాసుకున్నా చెల్లుతుంది. స్టాంపు కాగితం అక్కర్లేదు. కానీ మనం ఉన్నంతకాలం ఆ కాగితానికి పరీక్ష లేదు. పరీక్ష మనం పోయాకే. అప్పుడు "నా ఉద్దేశం ఇదమ్మా" అని చెప్పడానికి మనం ఉండం. అందుకే ప్రతి మాటా ఇప్పుడే సరిచూసుకోవాలి. ఆమె చూసిన సంగతులు ఇవి:

ఒకటి, ఆస్తి గుర్తు. "ఊళ్లోని నా భూమి" అంటే చాలదు. సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు ఎన్ని గుంటలు, నలుదిక్కులా హద్దులు, పాస్‌బుక్కు నంబరు, ఇంటి నంబరు రాయాలి. నగలు కూడా విడివిడిగా. "పెద్ద గొలుసు పెద్దదానికి" అంటే ఇద్దరు కూతుళ్లూ రేపు ఏది పెద్దదని తూకం వేసుకుంటారు.

రెండు, మిగిలినది. రాయడం మరచిపోయినవీ, రేపు కొనబోయేవీ ఎవరికి అన్న ఒక వాక్యం తప్పక ఉండాలి.

మూడు, ఎవరినైనా వదిలేస్తే కారణం. "పెద్దవాడికి ఇల్లు కట్టుకోవడానికి ముందే డబ్బు ఇచ్చాను" అని ఒక్క ముక్క రాస్తే సగం గొడవ అక్కడే ఆగిపోతుంది.

నాలుగు, సాక్షులు. ఇద్దరు ఉండాలి. మీరు సంతకం పెట్టడం వాళ్లు కళ్లారా చూసి, మీ ఎదుట తామూ సంతకం పెట్టాలి. ఇది తప్పితే మిగిలినవన్నీ ఉన్నా వీలునామా నిలవదు. రేపు తగాదా వస్తే బతికున్న సాక్షి ఒక్కరైనా కోర్టుకొచ్చి చెప్పాలి. అందుకని మీకంటే చిన్నవాళ్లను, ఊళ్లోనే ఉండేవాళ్లను పెట్టుకోండి. ఆస్తి తీసుకునేవాళ్లను సాక్షులుగా పెట్టకండి, అనుమానానికి తలుపు తీసినట్టే. చదువు రానివారు వేలిముద్ర వేయవచ్చు. అప్పుడు "చదివి వినిపించాం, అర్థం చేసుకుని వేశారు" అన్న మాట కాగితంలో ఉండాలి.

ఐదు, అమలు చేసే మనిషి. అందరూ నమ్మే ఒకరి పేరు రాయండి. అప్పులు తీర్చి, వస్తువులు అప్పగించే బాధ్యత వారిది.

ఆరు, రిజిస్ట్రేషన్. తప్పనిసరి కాదు. కానీ సబ్ రిజిస్ట్రారు ముందు సంతకం పెట్టి, ఆఫీసు పుస్తకంలోకెక్కిన కాగితం పోదు, చిరగదు. కాగితం దొంగదనడం కూడా కష్టమవుతుంది. మంచం మీద ఉన్నవారు కారణం చూపి కోరితే, అధికారి ఇంటికి వచ్చి రిజిస్టర్ చేసే వీలు కూడా చట్టంలో ఉంది. అయితే రిజిస్టర్ అయినంత మాత్రాన ఎవరూ సవాలు చేయలేరని కాదు. ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో, లాభపడేవాడే దగ్గరుండి రాయించాడంటే కోర్టు నూరు ప్రశ్నలు వేస్తుంది. ఇలాంటి అనుమానాలను తీర్చాల్సింది వీలునామా తెచ్చినవాడేనని 1959లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆరోగ్యంగా తిరుగుతున్నప్పుడే రాయాలి. పెద్ద వయసువారైతే బుద్ధి స్థిరంగా ఉందని ఆ రోజే డాక్టరు చేత రాయించుకోవడం మంచిది.

ఒక్క వాక్యం, నలభై ఆరేళ్లు

భర్తలు రాసే వీలునామాల్లో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది. "నా భార్య బతికినంతకాలం అనుభవించి, ఆమె తదనంతరం నా కొడుకులకు చెందవలెను." ప్రేమగానే రాస్తారు. కానీ ఆ వాక్యంలో ఎంత ఉందో నెల్లూరు జిల్లా తులశమ్మ కేసు చెబుతుంది.

ఆమె భర్త 1931లో పోయాడు. మనోవర్తి కోసం మరిదితో కోర్టుకెక్కింది. 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి ఆమెకిచ్చారు, బతికినంతకాలం అనుభవించడానికి మాత్రమే, అమ్మకూడదన్న షరతుతో. 1956లో కొత్త చట్టం వచ్చింది. తర్వాత ఆమె కొంత ఆస్తి అమ్మితే మరిది దావా వేశాడు. హైకోర్టులో ఓడింది. 1977లో సుప్రీంకోర్టు, మనోవర్తి హక్కు ఆమెకు ముందునుంచీ ఉన్నదే, దానికి బదులుగా ఇచ్చిన ఆస్తి కాబట్టి షరతులు చెల్లవు, ఆమే పూర్తి హక్కుదారు అన్నది. భర్త పోయిన ఏటి నుంచి లెక్కేస్తే నలభై ఆరేళ్లు!

అయితే వీలునామాలో "బతికినంతకాలం" అని రాస్తే అన్నివేళలా ఇలాగే పూర్తి హక్కు వస్తుందా? దీనిమీద కోర్టుల తీర్పులు ఒక తీరున లేవు. అందుకే 2024 డిసెంబరులో సుప్రీంకోర్టే ఈ చిక్కు విడదీయమని పెద్ద ధర్మాసనానికి నివేదించింది. మనకు కావలసింది ఇంతే: మీ ఆయన మీకు పూర్తిగా ఇవ్వాలనుకుంటే "సర్వ హక్కులతో" అని స్పష్టంగా రాయించాలి. ఉండడానికి మాత్రమే అనుకుంటే, ఆ ఖర్చులకు ఏది ఆధారమో కూడా రాయాలి. ఇల్లు ఉండి, పన్ను కట్టడానికి కొడుకు చేయి చూడాల్సిన బతుకు ఏం బతుకు?

పోయిన తర్వాత: విరాసత్, ప్రొబేటు

కోర్టు వీలునామాను పరీక్షించి "ఇది ఫలానావారి నిజమైన ఆఖరి వీలునామాయే" అని ముద్ర వేసి ఇచ్చే పత్రమే ప్రొబేటు. వీలునామాలో అమలు చేసే మనిషి పేరు ఉంటే వారికిస్తారు. పిటిషను వేయాలి, కోర్టు ఫీజు కట్టాలి, బంధువులకు నోటీసులు, పత్రికలో ప్రకటన, ఎవరైనా కాదంటే సాక్షుల విచారణ. సమయం పడుతుంది.

ఊరట ఏమిటంటే మన తెలంగాణలో ఉన్న ఆస్తికి హిందువులు రాసిన వీలునామాకు ప్రొబేటు తప్పనిసరి కాదు. బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల్లోని ఆస్తులకు మాత్రం ఎన్నో ఏళ్లు తప్పనిసరిగా ఉండేది. మన సిద్దిపేట, దుబ్బాక వైపు నుంచి మగ్గాల పనికి బొంబాయి వెళ్లి అక్కడ చిన్న ఖోలీ కొనుక్కున్న కుటుంబాలకు ఈ బాధ ఉండేది. ఆ నిబంధనను కూడా 2025 డిసెంబరులో పార్లమెంటు తీసేసింది. తగాదా ఉన్నచోట, బ్యాంకో కంపెనీయో పట్టుబట్టినచోట ప్రొబేటు ఇప్పటికీ పనికొస్తుంది. అవసరమా కాదా చెప్పాల్సింది వకీలు. అనవసరంగా కోర్టు మెట్లెక్కించకపోవడం కూడా మంచి వకీలు లక్షణమే.

పొలం సంగతికొస్తే, పట్టా మార్పును మన దగ్గర విరాసత్ అంటాం. 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పేరు ఏదైనా, దరఖాస్తు పెట్టాల్సింది మనమే. వారసులకు నోటీసులిచ్చి విచారిస్తారు. అప్పుడు వీలునామా, మరణ ధ్రువపత్రం, కుటుంబసభ్యుల ధ్రువపత్రం చేతిలో ఉంటే పని సాఫీగా సాగుతుంది.

మీరు అడగబోయే ప్రశ్నలు

నేను బ్యాంకు ఖాతాలో నామినీని. డబ్బు నాదేగా?
నామినీ అంటే బ్యాంకు చేతుల్లోంచి డబ్బు అందుకునే మనిషి. తర్వాత అది వీలునామా ప్రకారమో, లేకపోతే చట్టం ప్రకారమో వారసులకు చెందాలి. అయినా నామినీ పేరు ఉండటం చాలా అవసరం, లేకపోతే డబ్బు తీయడమే గగనం. 2025 నవంబరు 1 నుంచి ఒక్కో ఖాతాకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు. రైతుబీమా, పి.ఎఫ్., ఎల్.ఐ.సి. కాగితాల్లో ఎవరి పేరు ఉందో ఈ వారమే చూడండి. పెళ్లికి ముందు రాసిన అమ్మ పేరే ఇంకా ఉందేమో!

వీలునామా రాస్తే ఆస్తి చేజారిపోతుందా?
అస్సలు కాదు. మీరు బతికున్నంతకాలం అది ఉత్త కాగితమే. అమ్ముకోవచ్చు, మార్చి రాయవచ్చు, రద్దు చేయవచ్చు. ఆఖరిసారి రాసిందే చెల్లుతుంది. చేజారేది దానపత్రం రాస్తే. కొడుకు బాగా చూసుకుంటానన్నాడని ముందే రాసిచ్చి, తర్వాత అరుగుమీద పడుకునే తల్లులను చూస్తున్నాం. ఇవ్వక తప్పకపోతే "నన్ను పోషించాలి" అన్న షరతు కాగితంలో రాయించండి. షరతు తప్పితే, 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం కింద ఆర్.డి.ఓ. దగ్గర దాన్ని రద్దు చేయమని అడగవచ్చు.

మేము ముస్లింలం. మాకూ ఇదే పద్ధతా?
కాదు. మీ ధర్మశాస్త్రం ప్రకారం అప్పులూ ఖర్చులూ పోను మిగిలిన దాంట్లో మూడో వంతుకు మించి, వారసుల సమ్మతి లేకుండా వీలునామా రాయడానికి లేదు. తెలిసిన వకీలును అడిగి రాయించుకోండి.

వకీలు ఫీజుకు డబ్బు లేదు.
ఆదాయంతో పని లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి చట్టం ఇచ్చింది. కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి అడగండి. లేదా 15100 నంబరుకు ఫోన్ చేయండి.

ఆయనతో మాట ఎత్తితే కోప్పడతారు.
ఇది చట్టం తీర్చే చిక్కు కాదు. నేను చేసింది చెబుతాను. ఆయన్ను అడగకుండా ముందు నాది రాయించుకున్నాను. ఒకరోజు అన్నాలు తిన్నాక కాగితం ముందుపెట్టి, "ఇది నాది. ఎక్కడ పెట్టానో మీకు తెలియాలి కదా" అన్నాను. చదివి చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ "ఆ వకీలమ్మ ఏ రోజుల్ల ఉంటది?" అని అడిగారు.

ఈ వారం ఇంటిపని

నూరు గ్రాముల జీలకర్ర పోసిన డబ్బాకే చీటీ అంటించి పేరు రాస్తాం మనం. ముప్పై ఏళ్ల కష్టానికి ఒక చీటీ రాయమా? ఈ ఆదివారం ఒక పాత నోటుపుస్తకం తీయండి. ఒక పేజీలో మీకున్నవి, రెండో పేజీలో అవి ఎవరికి చేరాలని మీ మనసులో ఉందో, మూడో పేజీలో నామినీల పేర్లు రాయండి. అది వీలునామా కాదు, వకీలు దగ్గరికి పట్టుకెళ్లే సామాన్ల చీటీ అనుకోండి. అది చేతిలో ఉంటే ఆమె అడిగే ప్రశ్నల్లో సగానికి జవాబులు ఉన్నట్టే. వీలునామా పూర్తయ్యాక అసలు కాగితం ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి చెప్పండి. పెళ్లిళ్లు, పుట్టుకలు, కొనుగోళ్లు జరిగినప్పుడు ఒకసారి తీసి చూసుకోండి.

మొన్న నారాయణరావుపేట వెళ్లినప్పుడు మా అత్త ఇంటి ముందునుంచి నడిచాను. రంగులు వేశారు, తలుపులు కొత్తవి పెట్టారు. బాగానే ఉంది. మా చెల్లెలు మాత్రం ఆ వీధిలోంచి రాదు, చుట్టూ తిరిగి చెరువు పక్కనుంచి వస్తుంది. "ఇల్లు పోయిందని కాదక్కా" అన్నది. "అత్త మాట పోయింది. గదే బాధ."

పది మందిలో చెప్పిన మాట పోయింది. ఇద్దరు సాక్షుల ముందు రాసిన మాట పోయేది కాదు. మీ మాట పోనివ్వకండి.